పాత లాప్‌టాప్‌కు కొత్త మెమరీ

కనకలక్ష్మి పుట్టు పిరికిది. చిన్నప్పుడు బొబ్బిలిలో బడికి బయల్దేరి, తలుపు గడియ పెట్టానో లేదో అని సందు చివరి నుంచి వెనక్కి పరుగెత్తుకొచ్చేది. వాళ్లమ్మ అచ్చియమ్మ, "దీన్ని కన్న రోజున ఏ పిల్లి అరిచిందో" అని నవ్వేది. పెళ్లయి మల్కాజ్‌గిరిలో కాపురం పెట్టాక ఆ భయం గ్యాసు సిలిండరు మీదికి, కూతురు పూజిత ఎక్కే ఆటో మీదికి, వేళకాని వేళ మోగే ఫోను మీదికి మళ్లింది. పెళ్లికో పేరంటానికో బయల్దేరి, గ్యాసు కట్టేశానా అని దారి మధ్యలో బస్సు దిగిపోయిన రోజులున్నాయి. భర్త సన్యాసిరాజు తిట్టేవాడు కాదు. తనూ దిగి, ఆమె వెనకే ఇంటికి నడిచేవాడు.

అయితే ఆమెకు ఉద్యోగం తెచ్చిపెట్టింది కూడా ఆ భయమే.

అవి హైదరాబాదులో ప్రతి మేడ మీదా ఏదో ఒక కంప్యూటరు కోర్సు బోర్డు వేలాడుతున్న రోజులు. అందులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఒకటి. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక వివరాలన్నీ నోటితో చెప్పి రికార్డు చేసేస్తారు. ఆ మాటలు ఇక్కడికి వస్తాయి. ఇక్కడివాళ్లు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, విన్నది విన్నట్టు టైపు చేసి తెల్లారేసరికి వాళ్లకు అందించాలి, లైనుకింత అని డబ్బు. సాఫ్ట్‌వేరు చదవలేకపోయినవాళ్ల సాఫ్ట్‌వేరు ఉద్యోగం అని దాన్ని వెక్కిరించేవాళ్లు. సన్యాసిరాజుది రాణిగంజ్‌లో మోటారు విడిభాగాల దుకాణంలో బిల్లులు రాసే పని. ఆ జీతంతో ఇంటద్దె, పూజిత చదువు రెండూ నడవవని తేలాక, ఎప్పుడో బీఎస్సీ చదివిన కనకలక్ష్మి ఈ పని నేర్చుకుంది.

నేర్పింది మేబెల్. మెట్టుగూడలో పుట్టి పెరిగిన మనిషి, కంపెనీలో సూపర్‌వైజరు. మిగతావాళ్లు గబగబా టైపు చేసి పంపేస్తుంటే కనకలక్ష్మి ఒక్కో వాక్యాన్నీ మళ్లీ వినేది, మళ్లీ చదివేది, పంపేముందు ఇంకోసారి వినేది. రెండేళ్లకు ఆమె పనిలో తప్పు పట్టడానికి ఏమీ మిగల్లేదు. కంపెనీవాళ్లు ఆమెను డైరెక్ట్ చేశారు. అంటే ఆమె రాసింది ఇక్కడ ఇంకెవరూ చూడరు, నేరుగా ఆసుపత్రికి వెళ్లిపోతుంది. రేటు పెరిగింది, ఇంటి నుంచే పని. ఆఫీసులో అందరూ చప్పట్లు కొట్టారు. కనకలక్ష్మికి ఆ పూట అన్నం సహించలేదు. తన వెనక ఇంకెవరూ లేరన్న మాట ఆమెను వదల్లేదు.

ఇంటి నుంచి చేసే ఆ పనికోసం పైవాటాలో ఉండే సాఫ్ట్‌వేరు కుర్రాడి దగ్గర పాత లాప్‌టాప్ కొన్నారు. భోజనాల బల్లకు ఒక చివర దాని చోటు. ఇంటి వెనక పట్టాల మీద రైలు వెళ్లినప్పుడల్లా బల్లతోపాటు అదీ సన్నగా వణికేది.

2007 వానాకాలంలో ఒక శనివారం, ఇంటి దగ్గర పనిచేసేవాళ్లందరినీ ఆఫీసుకు రమ్మన్నారు. ఆఫీసు సికింద్రాబాదులో, క్లాక్ టవర్ దగ్గర ఒక బట్టల కొట్టు పైన. మేబెల్ గొంతు సవరించుకుని చెప్పింది.

"వచ్చే నెల నుంచి టైపింగ్ ఉండదు. డాక్టర్ వాయిస్ విని సాఫ్ట్‌వేరే రాసేస్తుంది. మీరు వింటూ మిస్టేక్స్ దిద్దాలి, అంతే. పని సగం కాబట్టి రేటు కూడా సగం. కానీ డబుల్ లైన్స్ చేయొచ్చు, మీకేం లాస్ లేదు."

మేబెల్ చేతిలోని కాగితం తిప్పింది.

"ఇంకోటి. ఆ సాఫ్ట్‌వేర్ చాలా హెవీ. మీ సిస్టంలో కనీసం ఒక జీబీ మెమరీ ఉండాలి. లేనివాళ్లు పెంచుకోండి. ఖర్చు మీదే."

కనకలక్ష్మి లాప్‌టాప్‌లో ఉన్నది అందులో సగం. అమ్మినప్పుడు ఆ కుర్రాడు చెప్పిన మాట గుర్తుంది: "ఆంటీ, అర జీబీ అంటే మీ పనికి ఎక్కువే."

తిరిగి వెళ్లేటప్పుడు లోకల్ రైల్లో పక్కన కూర్చున్న, తనతో పనిచేసే అమ్మాయి ఇంకో మాట చెప్పింది. దిద్దిన ప్రతి తప్పునూ ఆ సాఫ్ట్‌వేరు గుర్తుపెట్టుకుంటుందట. మళ్లీ చేయదట. "అంటే దానికి మనమే ట్యూషన్ చెప్తున్నాం అక్కా. అది నేర్చుకున్నాక మనకి టాటా." ఆ అమ్మాయి నవ్వుతూనే అంది. కనకలక్ష్మి కిటికీ ఊచ గట్టిగా పట్టుకుంది.

ఇంట్లో సన్యాసిరాజు అంతా విని, విప్పిన చొక్కా కొక్కేనికి తగిలించాడు.

"కూర్చున్న కొమ్మను నరుక్కోవడమే కాకుండా గొడ్డలి కూడా మనమే కొనుక్కోవాలేటి?" అన్నాడు.

"కొనకపోతే పనే ఉండదంట."

"కొంటే ఉంటాదని రాసిస్తారా?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. పూజిత ఇంటరు రెండో ఏడు. ఈ జీతం సగమైనా రాకపోతే వచ్చే ఏడాది ఆ పిల్ల ఏ కాలేజీ గడపా ఎక్కలేదు.

సోమవారం లాప్‌టాప్‌ను పాత చీర ముక్కలో చుట్టి, సంచీలో పెట్టి, రెజిమెంటల్ బజార్ వెళ్లింది. అక్కడ యుగంధర్ అనే ఆయన రిపేరు దుకాణం ఉంది. పైవాటా కుర్రాడు చెప్పిన ఆచూకీ. యుగంధర్ లాప్‌టాప్‌ను బోర్లా తిప్పి, మరలు విప్పి, వెనక మూత తీశాడు. లోపలి తీగలు, పచ్చటి పలకలు చూడగానే కనకలక్ష్మికి ఆపరేషన్ గదిలోకి తొంగిచూసినట్టు అనిపించింది. మళ్లీ పనిచేస్తుందో లేదో.

"ఏందక్కా, గిది శాన పాత మోడల్," అన్నాడతను. "దీనికి పడే మెమరీ ఇప్పుడు తయారు సుత చేస్తలేరు. గందుకే పాత మెమరీ కొత్తదాని కంటే పిరం."

"ఎంతవుతుంది?"

"ఒక జీబీకి అయిదు వేలు. అదే కొత్త లాప్‌టాప్ అయితే రెండు వేలల్ల పెడ్త."

కొత్త రేటులో ఆ అయిదు వేలు ఆమెకు నెల జీతం కంటే ఎక్కువ.

"వేయిస్తే ఎన్నాళ్లు నడుస్తుంది?"

"గది నేనెట్ల చెప్త? దీని లోపలి బోర్డు ఎప్పుడు పోతదో దేవునికెరుక. నన్నడిగితే వద్దంట అక్కా. జెర ఆగి కొత్తదే తీస్కోండ్రి. ముసలెద్దుకు వెండి మువ్వలు గట్టినట్టయితది."

"వేయించకపోతే అసలు నడవదా?"

"నడుస్తది. కాకుంటే ఒక్కోపాలి మధ్యల ఆగిపోతది. అంత పరేషాన్ ఏం గాదు."

మిగతా మాటలన్నీ వదిలేసి "నడుస్తది" అన్న ఒక్కదాన్నే కొంగున కట్టుకుని కనకలక్ష్మి ఇంటికి వచ్చేసింది. వచ్చాక సన్యాసిరాజుకు కూడా అదే చెప్పింది. ముందు దీంతోనే చూద్దాం అనుకున్నారు.

కొత్త పని మొదలైంది. హెడ్‌ఫోన్స్‌లో డాక్టరు మాట్లాడుతుంటే తెర మీద అక్షరాలు అప్పటికే పేర్చి ఉండేవి. అచ్చుతప్పు అన్నది ఉండేది కాదు. ఎంత నున్నగా ఉండేవంటే, తప్పు కూడా ఒప్పులాగే కనిపించేది. డాక్టరు "ఛాతీలో నొప్పి లేదు" అంటే, అది ఆ "లేదు"ను మింగేసి, నొప్పి ఉందని రాసి ఊరుకునేది. టైపు చేసినన్నాళ్లూ కనకలక్ష్మి భయం వేళ్లలో ఉండేది. ఇప్పుడది కళ్లలోకి వచ్చింది. చదువుతూ చదువుతూ తెలియకుండానే నమ్మేస్తున్నానేమో అని ఉలిక్కిపడేది. దానికి తోడు లాప్‌టాప్. బాణం గుర్తు కదలమంటే కదిలేది కాదు. ఒక పేజీ తెరుచుకునేలోపు పొయ్యి మీద పాలు చూసి రావచ్చు. ఆ వారంలో రెండుసార్లు పూర్తిగా బిగుసుకుపోయింది. ఆపి మళ్లీ పెడితే కదిలింది. అంత పరేషాన్ ఏం గాదు అని ఆమె తనకు తానే చెప్పుకుంది.

మూడోసారి బుధవారం పొద్దున. సన్యాసిరాజు దుకాణానికి, పూజిత కాలేజీకి వెళ్లిపోయారు. వచ్చిన ఫైలు ఒక ముసలావిడది. ఎనభై దాటిన మనిషి, స్నానాల గదిలో జారిపడి ఆసుపత్రిలో చేరింది. తిండి సరిగా తినడం లేదు, షుగరు ఉంది. ఆమెను ఇంటికి పంపేటప్పుడు ఇవ్వాల్సిన మందుల వివరాలు డాక్టరు చెబుతున్నాడు. రోజూ రాత్రి ఇన్సులిన్, ఫిఫ్టీన్ యూనిట్లు.

తెర మీద ఫిఫ్టీ అని ఉంది. పదిహేను బదులు యాభై.

కనకలక్ష్మి వెనక్కి తిప్పి విన్నది. మళ్లీ విన్నది. డాక్టరు తొందరలో ఉన్నా చివర "ఈన్" అన్న సాగదీత స్పష్టంగా వినిపించింది. పైన ఇంకో చోట పదిహేనని సరిగ్గానే ఉంది కూడా. ఆమె యాభై కొట్టేసి పదిహేను చేసింది. మొత్తం ఇంకోసారి చదివి, పంపే బటన్ నొక్కింది.

తెర మీద ఇసుక గడియారం బొమ్మ తిరిగింది. తిరిగి తిరిగి ఆగిపోయింది. బాణం కదల్లేదు. ఏ మీట నొక్కినా పలకలేదు. లోపలి ఫ్యాను మాత్రం రొప్పుతున్నట్టు మోగింది. ఆమె చాలాసేపు చూసి, చివరికి పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసింది. మళ్లీ పెట్టి చూస్తే ఆమె జాబితాలో ఆ ఫైలు లేదు. వెళ్లిపోయింది.

ఏది వెళ్లింది? తను దిద్దిందా, దిద్దకముందుదా?

చూసుకోవడానికి తన దగ్గర నకలు లేదు. పంపాక తెరిచి చూసే వీలు లేదు. ఒంట్లో షుగరు ఒక్కసారిగా పడిపోతే ఏమవుతుందో కనకలక్ష్మి కొన్ని వందలసార్లు టైపు చేసి ఉంటుంది. ముందు చెమటలు, తర్వాత వణుకు, మాట తడబడటం, తెలివి తప్పడం. ఆ పైన రాసే మాట కూడా తెలుసు. ఇప్పుడు ఆమె అరచేతులకు చెమటలు పట్టాయి. వేళ్లు వణుకుతున్నాయి.

మేబెల్‌కు ఫోను చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తలేదు. కనకలక్ష్మి చెప్పులేసుకుని స్టేషనుకు పరుగెత్తింది. ఇంటి తలుపు వేసిందో లేదో కూడా ఆమెకు తట్టలేదు.

రైల్లో నిలబడే ఉంది. ఎవరో సీటు చూపించినా కూర్చోలేదు. అక్కడ ఇప్పుడు రాత్రి. ముసలావిడ పడుకుని ఉంటుంది. తెల్లారితే కాగితాలు చేతికిచ్చి పంపేస్తారు. రాత్రికి ఎవరో ఒకరు ఆ కాగితం చూసి సూది మందు నింపుతారు. ఎవరో, ఏ ఊరో తెలియదు. ఆ చెయ్యి మాత్రం కళ్లముందు కనిపిస్తోంది. రైలు సికింద్రాబాదులో ఆగాక జనంతో పాటు దిగి, మెట్లు, రోడ్డు, ఆటోల అరుపులు ఎలా దాటిందో ఆమెకు తెలియదు.

మేబెల్ మీటింగులో నుంచి బయటికి వచ్చి, మెట్ల దగ్గర నిలబడి విన్నది.

"నువ్వు దిద్దావు కదా?"

"దిద్దాను మేడమ్. అది వెళ్లిందో, ముందుది వెళ్లిందో తెలీదు."

"తెలీనిదాన్ని ఎందుకు తవ్వుతావు కనకా? సైన్ చేసే ముందు డాక్టర్ చూస్తాడు. నర్స్ చూస్తుంది. ఫార్మసీ వాళ్లు చూస్తారు."

"ముందువాళ్లు చూసే ఉంటారు అనుకునే కదా మేడమ్ అందరూ చూసేది."

మేబెల్ గొంతు తగ్గించింది. "నేను మెయిల్ పెడితే నీ పేరు రికార్డులోకి ఎక్కుతుంది. డైరెక్ట్ తీసేస్తారు. అసలే సగం రేటు, అందులో ఇంకా తగ్గుతుంది. ఒక జీబీ లేకుండా ఎందుకు చేశావని అడుగుతారు. పని ఇచ్చింది నేను, నన్నూ అడుగుతారు. అన్నీ ఆలోచించుకుని చెప్పు."

కనకలక్ష్మికి మేబెల్ అంటే భయం, కంపెనీ అంటే భయం, రేపటి అద్దె అంటే భయం. అవన్నీ ఒక్కసారే కమ్ముకున్నాయి.

"పెట్టండి మేడమ్," అంది.

మేబెల్ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది. ఆమె కంప్యూటరు ముందు కూర్చుని మెయిలు రాస్తుంటే కనకలక్ష్మి వెనక నిలబడి ప్రతి అక్షరం చదివింది. ఫిఫ్టీన్ అన్నచోట అంకెల్లో కూడా వేయించింది. అక్కడ తెల్లవారి, ఆఫీసు తెరిచాక కానీ జవాబు రాదని, ఇంటికి పొమ్మని మేబెల్ చెప్పింది.

ఆ పగలు ఎంత పొడుగ్గా సాగిందో కనకలక్ష్మి తర్వాత కూడా ఎవరికీ చెప్పలేకపోయింది. వంట చేసింది, ఉప్పు వేయలేదు. ఫోను పక్కన కూర్చుంది. అది మోగితే భయం, మోగకపోతే భయం. ఒకసారి మోగింది. గ్యాసు ఏజెన్సీ వాళ్లు. ఆమె ఏం చెప్పి పెట్టేసిందో ఆమెకే తెలియదు. సన్యాసిరాజు వచ్చేసరికి గదిలో లైటు వేసి లేదు.

అంతా విన్నాక అతను పక్కన కూర్చున్నాడు. "గాబరా పడకు లక్ష్మీ. మహా అయితే ఏటవుతాది, పని పోతాది."

"ఆవిడ చచ్చిపోతుందండీ," అంది కనకలక్ష్మి.

అతను లేచి లైటు వేసి, ఫోను ఆమెకు దగ్గరగా జరిపాడు.

వీధి దీపాలు వెలిగాక ఫోను వచ్చింది. మేబెల్.

"కనకా, రిప్లై వచ్చింది. ఫిఫ్టీ అనే ఉందట."

కనకలక్ష్మి ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది.

"విను, ఉన్నావా? సైన్ కాలేదు. ఆ రిపోర్ట్ ఆపేసి, కరెక్ట్ చేశారు. ఆవిడ ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. ఏం కాలేదు."

సన్యాసిరాజు ఆమె చేతిలోని ఫోను తీసుకుని, "అలాగేనండి, చాలా థాంక్సండి" అని పెట్టేశాడు. కనకలక్ష్మి లేచి వెళ్లి, కుళాయి కింద చేతులు పెట్టి చాలాసేపు అలా నిలబడింది.

ముప్పు తప్పిందన్న ఊరట ఆ కాసేపే. తర్వాత ఇంకో భయం పట్టుకుంది. ఈ వారంలో లాప్‌టాప్ బిగుసుకుపోవడం ఇది మొదటిసారి కాదు. ముందు రెండుసార్లు ఏ ఫైళ్లు ఉన్నాయి? అప్పుడు ఏం దిద్దింది? మర్నాడు మళ్లీ ఆఫీసుకు వెళ్లి వాటి గురించి కూడా మేబెల్‌కు చెప్పింది. మేబెల్ తల పట్టుకుంది కానీ ఆ రెండింటినీ కూడా తెప్పించి చూపించింది. ఒకదాంట్లో తప్పులేదు. రెండోదాంట్లో ఒక ఊరి పేరు తప్పు పడింది, అంతే.

ఆ సాయంత్రం కనకలక్ష్మి మెమరీ వేయిస్తానంది.

"గిట్టుబాటు కాదని ఆ దుకాణమాయనే చెప్పాడు కదా," అన్నాడు సన్యాసిరాజు. అది వాదన కాదు, అడగడమే.

"గిట్టదు. నాకూ తెలుసు. పని మానేద్దామంటే మానేస్తాను. చేయమంటే మాత్రం ఇలాగ చేయలేను."

మానేయడానికి వీల్లేదని ఇద్దరికీ తెలుసు. అతను తను పనిచేసే దుకాణంలో జీతం మీద అడ్వాన్సు అడిగి తెచ్చాడు.

"ఏందక్కా, వద్దన్నకదా," అన్నాడు యుగంధర్. ఆమె ఏమీ వివరించలేదు. అతను పాత పలకలు తీసి కొత్తవి బిగించాడు. కనకలక్ష్మి అక్కడే బల్ల మీద కూర్చుని ఆ సాఫ్ట్‌వేరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది. పెద్ద ఫైళ్లు రెండు మూడు ఒకేసారి తెరిచి చూసింది. దుకాణంలోకి వచ్చినవాళ్లు వచ్చి వెళ్లారు. యుగంధర్ టీ తెప్పించాడు. "ఇగ ఆగదక్కా, ఇంటికి పోండ్రి" అని అతను రెండుసార్లు చెప్పాక లేచింది.

ఆ తర్వాత లాప్‌టాప్ బిగుసుకుపోలేదు. మేబెల్ చెప్పినట్టే డైరెక్ట్ తీసేశారు, రేటు తగ్గింది. డబుల్ లైన్స్ ఎవరికి వచ్చాయో కానీ కనకలక్ష్మికి రాలేదు. ప్రతి ఫైలూ రెండుసార్లు వినే మనిషికి అవి ఎక్కడి నుంచి వస్తాయి? మెమరీకి పెట్టిన డబ్బు తిరిగి సంపాదించడానికి శీతాకాలమంతా పట్టింది. ఆమె ఫైళ్లను ఇప్పుడు ఇంకొకరు చూస్తున్నారు. దాన్ని చిన్నతనంగా అనుకుంటుందేమోనని మేబెల్ ఒకసారి అడిగింది.

"లేదు మేడమ్. నా వెనక ఒకరున్నారు కదా," అంది కనకలక్ష్మి.

పూజితకు డిగ్రీలో సీటు వచ్చిన ఏడాదే అమెరికా ఆసుపత్రి ఆ పనిని ఇంకో కంపెనీకి ఇచ్చేసింది. ఆఫీసు ఖాళీ చేశారు. లాప్‌టాప్ అప్పటికింకా నడుస్తూనే ఉంది. తర్వాత ఎండాకాలంలో దాని లోపలి బోర్డు పోయింది. బాగుచేయించలేదు. మేబెల్ ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రికార్డుల సెక్షనుకు వెళ్లి, కొన్ని నెలలకు కనకలక్ష్మిని కూడా రమ్మంది. అక్కడ రోగులు ఎదురుగానే ఉంటారు. ముఖాలు కనిపిస్తాయి.

చేరాల్సిన రోజు పొద్దున కనకలక్ష్మి తలుపు గడియ పెట్టానా అని రెండుసార్లు వెనక్కి వెళ్లి చూసుకుంది. సన్యాసిరాజు స్టేషను దాకా వచ్చాడు. రైలు వచ్చింది. ఆమె ఎక్కి, ఆడవాళ్ల పెట్టెలో తలుపు దగ్గర నిలబడింది. గ్యాసు కట్టేశానా అన్న అనుమానం మళ్లీ వచ్చింది, అయినా రైలు కదిలేదాకా దిగలేదు.